ఇద్దరు వియ్యంకులు, ఒక ఉల్క

హర్షిణి నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. డిసెంబరు మొదటి వారంలో ఒక శనివారం, చీకటి పడిన కాసేపటికి, జిల్లా అంతా తల ఎత్తి చూసేంత వెలుగుతో ఒక ఉల్క ఆకాశంలో పరుగెత్తి ఆరిపోయింది. ఎదురింటి పిల్లలు చూశారు. పాలు పోయడానికి వచ్చిన మనిషి చూశాడు. డాబా మీద బట్టలు తీస్తున్న పక్కింటి లత చూసింది. హర్షిణి చూడలేదు. కుక్కర్ విజిల్ జారి గట్టు కిందికి దొర్లిపోతే ఆమె వంటింట్లో వంగి దాన్ని వెతుకుతోంది.

"మేడం, సూసిన్రా?" అని లత డాబా మీంచి అరిచింది.

"ఏంది?"

"అయిపోయిందిప్పుడే."

హర్షిణి విజిల్ చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తింది. ఆకాశం ఎప్పటిలాగే ఉంది. అక్కడే నిలబడి లతను నాలుగు ప్రశ్నలు అడిగేలోపు ఎక్కడో కంకర లారీ దించినట్టు గుడగుడమని చప్పుడు వినిపించింది. అది కూడా ఉల్క పుణ్యమేనని ఆమెకు తర్వాత గాని తట్టలేదు.

ముందు మామగారి ఫోన్ వచ్చింది. రామ్‌దాస్‌ది బోధన్ దాటాక సాలూర దగ్గర ఊరు. చెరుకు వేస్తాడు, తలకు ఎర్ర రుమాలు చుడతాడు, ఫోన్‌లో వెయ్యి గజాల అవతలివాళ్లకు వినిపించేలా మాట్లాడతాడు.

"బిడ్డా, మన కిస్మత్ తెరుసుకున్నది! సుక్క తెగి మన చెరుకు తోటల పడ్డది!"

"అది కింద పడదు మామయ్యా. చానా పైననే కాలి ఆరిపోతది."

"నువ్వు సూసినవా?"

"లేదు."

"నేను సూసిన," అని రామ్‌దాస్ ఫోన్ పెట్టేశాడు.

రెండో ఫోన్ ఆమె తండ్రిది. లింబయ్యది భీమ్‌గల్. పసుపు, వరి పండిస్తాడు. "బిడ్డా, టీవీలోళ్లు ఎవలన్న ఎరుకనా నీకు? సుక్క మన పసుపు చేన్ల పడ్డది. తూర్పు దిక్కు. నా కండ్లతోని సూసిన."

హర్షిణి గోడకు ఆనుకుని కూర్చుంది. సాలూరకూ భీమ్‌గల్‌కూ మధ్య డెబ్బై కిలోమీటర్ల పైమాటే. ఒకే ఉల్క రెండు చోట్ల పడటం కష్టం. కానీ ఆ మాట ఆ ఇద్దరికీ చెప్పటం అంతకంటే కష్టం.

వియ్యంకులిద్దరికీ మాటల్లేవు. రెండేళ్ల కిందట హర్షిణి పెళ్లికి షాదీఖానా ముందు లింబయ్య పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద లింబయ్య బొమ్మ అన్నం తినే పళ్లెమంత ఉంది. రామ్‌దాస్ బొమ్మ బొట్టుబిళ్ల కంటే కొంచెం పెద్దగా, అదీ క్యాటరింగ్ వాళ్ల ఫోన్ నంబరు పక్కన ఉంది. తప్పు ఫ్లెక్సీ వేసిన కుర్రాడిదే. కానీ ఆ రోజు నుంచి రామ్‌దాస్ ఏం చెప్పాల్సివచ్చినా కోడలితో "మీ బాపుకు చెప్పు" అనేవాడు. లింబయ్య "మీ మామకు చెప్పు" అనేవాడు. రామ్‌దాస్ భార్య గంగుబాయి, లింబయ్య భార్య సత్తవ్వ మాత్రం రోజూ పొద్దునా రాత్రీ పొయ్యి వెలిగించే ముందే ఫోన్‌లో ఊళ్ల సంగతులన్నీ మాట్లాడుకునేవారు. అందుకే ఆ రాత్రి అన్నాలు తినేలోపే ఇద్దరికీ అవతలివాడు ఏమంటున్నాడో తెలిసిపోయింది.

"మీ బాపుకు చెప్పు బిడ్డా. సుక్క ఒక్కటే. అది ఈడ పడ్డది. రాయి కూడ దొరికింది."

"మీ మామకు చెప్పు. రాయిదేమున్నది, ఎవలైన తెచ్చిపెట్టుకోవచ్చు. ఈడ నేల నల్లగ కాలి ఉన్నది."

హర్షిణి భర్త భానుప్రసాద్‌కు బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్ రిపేరు దుకాణం ఉంది. అతను రెండు ఫోన్లూ విని "నేనైతే ఎవరి దిక్కూ లేను" అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి అతను ఇదే అంటున్నాడు.

"ఎవరి దిక్కూ ఉండక్కర లేదు. రేపు బండి తియ్యి," అంది హర్షిణి. "ఇద్దరినీ వాళ్లు నిలబడిన చోటనే నిలబెట్టి, వెలుగు ఎక్కడ ఆరిందో చేత్తో చూపెట్టమంటా. రెండు ఊళ్ల నడుమ దూరం తెలుసు. అటునుంచి ఎంత కోణంల కనిపించిందో, ఇటునుంచి ఎంత కోణంల కనిపించిందో కొలిస్తే, రెండు గీతలు కలిసిన చోటే అది ఆరిన చోటు. ఎంత ఎత్తున ఆరిందో లెక్క తేలుతది. ఇద్దరి నోళ్లూ మూతపడ్తయి."

"ఆఖరుది జరగదు," అన్నాడు భానుప్రసాద్.

ఆమె ఒక ప్లాస్టిక్ పైపు ముక్కకు జామెట్రీ బాక్స్‌లోని కోణమానిని అంటించి, దానికి దారం కట్టి, దారం చివర భర్త దుకాణంలోని ఇనుప నట్టు వేలాడదీసింది. పైపులోంచి దేన్ని చూస్తే దాని ఎత్తు ఎన్ని డిగ్రీలో దారం చెబుతుంది. దిక్కు కోసం ఫోన్‌లో దిక్సూచి ఉండనే ఉంది.

ఆదివారం పొద్దున సాలూర చేరేసరికి రామ్‌దాస్ ఇంటి ముందు యాభై మంది జనం. కుర్చీ మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద తలకాయంత నల్లరాయి. గంగుబాయి దానికి పసుపు కుంకుమ పెట్టింది. సరిహద్దు అవతలి నుంచి మోటారుసైకిళ్ల మీద వచ్చిన ఇద్దరు మరాఠీవాళ్లు "కుఠే పడ్లా? కుఠే?" అని ఎక్కడ పడిందో అడుగుతుంటే రామ్‌దాస్ చెరుకు తోట వైపు చెయ్యి ఊపుతున్నాడు.

హర్షిణి ముందు రాయిని చేతిలోకి తీసుకుంది. తేలికగా ఉంది. ఒంటినిండా బుడగలు. తిప్పి చూస్తే వెనుక వైపు ఒక మేకు తల బయటికి వచ్చి ఉంది.

"మామయ్యా, ఇది బెల్లం పొయ్యిల కాలి ముద్దకట్టిన గడ్డ. ఆకాశంల మేకులు ఎక్కడివి?"

రామ్‌దాస్ మేకు వంక చాలాసేపు చూశాడు. "దార్ల తగిలి ఉంటది," అన్నాడు.

జనంలో ఎవరో నవ్వారు. మరాఠీవాళ్లు బండి స్టార్ట్ చేశారు. రామ్‌దాస్ ముఖం చిన్నబోవడం చూసి హర్షిణికి జాలి వేసింది. "నిన్న మీరు చూసింది అబద్ధం కాదు మామయ్యా. మీరు చూసిందే నాకు కావాలె. వెలుగు ఎక్కడ ఆరిందో చూపెట్టండి," అంది.

రామ్‌దాస్ మళ్లీ హుషారయ్యాడు. మంచం వేయించుకుని నిన్నటిలాగే తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. చెయ్యి చాపి సూటిగా చెరుకు తోట కొసల మీదికి చూపించాడు. హర్షిణి పైపు పెట్టి చూసింది. నట్టు దాదాపు కదల్లేదు.

"ఇది ఐదు డిగ్రీలు కూడ లేదు. మరీ గింత కిందనా?"

"మరి మన తోటల పడాల్నంటే గంతే ఉండాలె గద."

"ఎక్కడ పడ్డదో కాదు మామయ్యా. ఎక్కడ ఆరిందో."

గంగుబాయి కొట్టంలోంచి బయటికి వచ్చింది. "ఆయన్ను అడగకు బిడ్డా, నన్నడుగు. నేను పాలు పిండుతున్న. ఈయన తల ఎత్తి గిట్ల సూసిండు, గిట్ల సూసిండు, సూసి సూసి రుమాలు ఎనకకు పడ్డది. దూడ తొక్కింది. పొద్దున నేనే ఉతికిన."

తీగ మీద ఆరేసిన రుమాలు తెచ్చారు. రామ్‌దాస్ చుట్టుకుని మంచం మీద కూర్చుని మెల్లగా తల వెనక్కి వంచాడు. ఒక చోట రుమాలు జారి పడింది. మళ్లీ చుట్టాడు. మళ్లీ అక్కడికి రాగానే పడింది. "ఆ, గిదే! గిప్పుడు యాదికచ్చింది!" అని రామ్‌దాస్ అరిచాడు. "రేకుల చూరు అంచుకు ఆనుకుని ఆరింది. బరాబర్ గాడ." హర్షిణి మంచం మీద ఆయన తల ఉన్నచోట తన తల పెట్టి, చూరు అంచుకు పైపు గురిపెట్టింది. యాభై ఏడు డిగ్రీలు. దిక్కు తూర్పు.

మధ్యాహ్నం భీమ్‌గల్ చేరారు. అప్పటికే సత్తవ్వకు గంగుబాయి ఫోన్ వచ్చింది.

"మీ మామకు యాభై ఏడు అచ్చినయట," అన్నాడు లింబయ్య, గడప దాటకముందే. "నాకు అరవై రాయి."

"ఇవి మార్కులు కావు బాపు. కొలిస్తే ఎంత వస్తే అంత."

"ఆయనకన్న తక్కువైతే మాత్రం రాయకు."

లింబయ్య ఇంటి ముందు నిలబడి, తూర్పుకు తిరిగి, చెయ్యి చాపాడు. ఎటు చూపించాలో ఆయనకు అనుమానమేమీ లేదు. హర్షిణి కొలిచింది. యాభై డిగ్రీలు. లింబయ్య "జర మల్ల సూడు" అన్నాడు. మళ్లీ యాభయ్యే. కాలిన నేల చూడటానికి చేను దాకా వెళ్తే, పక్క చేను భూమన్న తను శుక్రవారం చెత్త తగలబెట్టిన చోటు అదేనని చెప్పి, ఇంతమంది ఎందుకు వచ్చి చూస్తున్నారో అర్థం కావట్లేదన్నాడు. లింబయ్య అతనికి సైగ చేశాడు గాని భూమన్నకు సైగలు అందవు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి హర్షిణి లెక్క చేసింది. చేసి, మళ్లీ చేసింది. భానుప్రసాద్ టీ తెచ్చిపెట్టి, "ఎంత ఎత్తున ఆరిందట?" అన్నాడు.

"భూమి లోపల."

"ఆ?"

"మహారాష్ట్ర కింద. దాదాపు మూడు వందల ఎనభై కిలోమీటర్ల లోతున."

భానుప్రసాద్ టీ కప్పు కింద పెట్టి, "గంత లోతుకు పోయినంక మా బాపు తోటల పడ్డదంటే ఏం తప్పు?" అన్నాడు. ఆమె నవ్వలేదు. సాలూర నుంచి తూర్పుకు చూశారు, సరే. భీమ్‌గల్ నుంచీ తూర్పుకే చూశారు. రెండు చూపులూ ఒకే వైపు పోతే ఆకాశంలో ఎలా కలుస్తాయి? ఆ ఉల్క నిజంగా ఇద్దరి మధ్య ఎక్కడో ఆరి ఉంటే, లింబయ్య పడమటికి చూసి ఉండాలి. ఆయన పొలం పనిలో పుట్టి పెరిగిన మనిషి. తూర్పుకూ పడమటికీ తేడా తెలియని మనిషి కాదు.

తల్లికి ఫోన్ చేసింది. "అవ్వా, ఆ పొద్దు బాపు ఇంటి ముంగట నిలబడే చూసిండా?"

"ఇంటి ముంగట ఏడున్నడే? బయటినుంచి ఉరుక్కుంటచ్చిండు. సుక్క సుక్క అనుకుంట. సగం గడ్డం ఉన్నది, సగం లేదు. నేనే జడుసుకున్న. మిగిలింది ఇంట్లనే గీసుకున్నడు."

బుధవారం కాలేజీ మధ్యాహ్నం దాకానే. హర్షిణి పైపు సంచిలో వేసుకుని బస్సులో భీమ్‌గల్ వెళ్లి, తండ్రిని వెంటబెట్టుకుని సరాసరి మంగలి పోశన్న దుకాణానికి నడిచింది. దారి పొడుగునా లింబయ్య "గాడ ఏం పని?" అంటూనే ఉన్నాడు.

పోశన్నది రోడ్డు పక్క రేకుల డబ్బా. ఎండాకాలం వానాకాలం లేకుండా కుర్చీ బయటే ఉంటుంది. డబ్బా గోడకు పెద్ద అద్దం వెనక్కి వాల్చి ఆనించి ఉంటుంది. అద్దం పైభాగంలో లక్ష్మీనరసింహస్వామి స్టిక్కర్.

"ఆ పొద్దు మా బాపు ఈడనే ఉన్నడా అన్న?"

"ఈడనే గద మేడం," అన్నాడు పోశన్న. "ఒక దిక్కు గీసిన, కరెంటు పోయింది. కత్తి పక్కన పెట్టి, జర ఆగు పటేలా అన్న. తల ఎనకకు ఏసి పండుకున్నట్టు కూసున్నడు. అద్దం తెల్లగ మెరిసింది. గంతే, గుడ్డ మెడలనే ఉన్నది, ఉరికిండు. గుడ్డ ఇంకా ఇయ్యలే."

హర్షిణి తండ్రి వైపు తిరిగింది. లింబయ్య రోడ్డు మీద పోతున్న ట్రాక్టరును శ్రద్ధగా చూస్తున్నాడు.

"బాపు, నువ్వు అద్దంల చూసినవా?"

"అద్దంల సూస్తే సూసినట్టు కాదా? కండ్లు నాయే గద."

"మరి ఎందుకు చెప్పలే?"

"సబ్బు నురుగు మొకంతోని సూసిన అంటె ఇజ్జత్ ఉంటదా? మీ మామ జిల్లా మొత్తం చెప్పడా?"

ఆమె ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. వెలుగు అద్దంలో ఎక్కడ ఆరిందని అడిగితే లింబయ్య ఈసారి తడుముకోలేదు. స్టిక్కర్ కుడివైపు పైమూల. "దేవుని కిరీటం పక్కకు అచ్చి ఆరింది. అందుకే గద దండం పెట్టుకుంట ఉరికిన." ఆయన తల ఎక్కడ ఆనిందో గుర్తుపెట్టుకుని హర్షిణి తను కుర్చీలో కూర్చుంది. వెనకనుంచి పోశన్న అలవాటు కొద్దీ ఆమె మెడకు గుడ్డ చుట్టాడు. చుట్టాక గాని తను ఏం చేశాడో అతనికి తెలియలేదు. అప్పటికే టీ కొట్టు నుంచి, కిరాణా కొట్టు నుంచి జనం వచ్చి నిలబడి ఉన్నారు. ఒకాయన పక్కాయనతో "కటింగా, షేవింగా?" అని అడిగాడు.

హర్షిణి గుడ్డతోనే తల వెనక్కి వాల్చి స్టిక్కర్ మూల వంక చూసింది. ఆ మూలలో, రోడ్డు అవతలి సందులో ఉన్న సెల్ టవర్ కొస మీది ఎర్ర దీపం కనిపించింది. లేచి, అద్దం దగ్గరికి వెళ్లి, వెనక్కి తిరిగి టవర్ దీపానికి పైపు గురిపెట్టింది. యాభై రెండు డిగ్రీలు. ఫోన్‌లో దిక్కు చూసింది. పడమర.

"బాపు, అద్దంల ముంగట కనవడ్డది నీ ఎనక ఉంటది."

లింబయ్య అద్దం చూశాడు, టవర్ చూశాడు, మళ్లీ అద్దం చూశాడు. "అంటే మన చేను దిక్కు కాదా?"

"చేనుకు ఉల్టా."

"మా లింబయ్య పటేల్ ఎనకకెళ్లి పోయింది సుక్క," అన్నాడు పోశన్న. జనం గొల్లుమన్నారు. లింబయ్య కూడా చివరికి నవ్వాడు. శనివారం సగమే గీశాడు కాబట్టి ఈసారి గడ్డం ఊరికే గీయాలని పోశన్నకు చెప్పి కూర్చున్నాడు.

లెక్క ఈసారి భూమి మీదికి వచ్చింది. ఉల్క ఆరిన చోటు సాలూరకూ భీమ్‌గల్‌కూ మధ్య, ఇంచుమించు నిజామాబాద్ మీద. ఎత్తు యాభై కిలోమీటర్లు, ఒక ఐదు అటూఇటూ. గుడగుడ శబ్దం కిందికి రావడానికి రెండున్నర నిమిషాలు పట్టాలి. తను విజిల్ పట్టుకుని లతను ప్రశ్నలు అడిగిన సేపు సరిగ్గా అంతే ఉంటుందని హర్షిణికి తోచింది. ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రాత్రి అన్నం ముందు ఇద్దరినీ ఒకే కాల్‌లో కలిపింది.

"యాభై కిలోమీటర్ల ఎత్తున ఆరింది. నిజామాబాద్ మీద. సాలూరల పడలేదు, భీమ్‌గల్‌ల పడలేదు."

ఇద్దరికీ ఆ అంకె నచ్చలేదు.

"యాభై ఏంది?" అన్నాడు రామ్‌దాస్. "గంత వెలుగుకు యాభయ్యేనా? ఈడినుంచి నాందేడ్ గంతకన్న ఎక్కువ ఉంటది."

"నేను గదే అంటున్న," అన్నాడు లింబయ్య. "వంద రాయి బిడ్డా."

"ఇది పసుపు వేలం కాదు బాపు, పెంచుకుంట పోనీకి!"

"మరి ఆరినంక తునకలు కింద పడయా?" అని రామ్‌దాస్ పట్టుకున్నాడు. హర్షిణి అబద్ధం చెప్పలేకపోయింది. చిన్న తునకలు చల్లారి ఎక్కడైనా రాలి ఉండవచ్చని ఒప్పుకుంది. "అంటే మన తోటల పడి ఉండొచ్చు," అన్నాడు రామ్‌దాస్. "మా చేన్ల కూడ," అన్నాడు లింబయ్య. అప్పుడు గాని ఇద్దరికీ తాము రెండేళ్ల తర్వాత నేరుగా మాట్లాడుకుంటున్నామని తెలియలేదు. తెలిసి ఇద్దరూ ఆగిపోయారు.

రామ్‌దాసే ముందు గొంతు సవరించుకున్నాడు. గంగుబాయి ద్వారా అంతా విని ఆయన సాయంత్రం నుంచి ఆపుకుంటున్నాడు. "ఏం బావా, సగం గడ్డం మీద సూసినవట?"

"మేకున్న రాయికి కొబ్బరికాయ కొట్టినోడు నన్నంటడా?"

"ఒక్కటే కొట్టిన. రెండోది కొట్టే లోపట కోడలచ్చింది."

ఆ తర్వాత ఫోన్‌లో వినిపించిన నవ్వులకు భానుప్రసాద్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. హర్షిణి ఫోన్ అక్కడే పెట్టి అన్నం తిని వచ్చింది. వాళ్లు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఆ తర్వాత మూడు రోజులూ అంతే. తండ్రికి చేసినా మామకు చేసినా ఫోన్ బిజీ.

ఆ ఆదివారమే ఏటా డిసెంబరులో ఉల్కలు ఎక్కువగా రాలే రోజు. హర్షిణి ఇద్దరికీ ముందే చెప్పి ఉంచింది. అత్తగారింట్లో ఒక పైపు, పుట్టింట్లో ఒక పైపు పెట్టించింది. ఎనిమిదిన్నర నుంచి ఇద్దరూ ఎవరి ఊళ్లో వాళ్లు ఆకాశం చూడాలి, చూసిన వెంటనే చెప్పాలి. సాయంత్రం గుర్తు చేద్దామని తండ్రికి ఫోన్ చేస్తే వెనకనుంచి దూడ అరుపు వినిపించింది. భీమ్‌గల్ ఇంట్లో దూడ లేదు.

"బాపు, ఎక్కడున్నవ్?"

"మీ మామ దగ్గర. రమ్మన్నడు, అచ్చిన."

"ఇద్దరూ ఒక్కతాన ఉంటే ఎత్తు ఎట్ల తీయాలె? ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ ఉంటేనే గద లెక్క!"

రామ్‌దాస్ ఫోన్ లాక్కున్నాడు. "ఒక్కతాన ఉంటెనే మంచిది బిడ్డా. నాలుగు కండ్లుంటయి."

"అవ్వకన్న ఇయ్యి. అవ్వ చూస్తది భీమ్‌గల్ నుంచి."

"నేను కూడ ఈడికే అచ్చిన బిడ్డా," అంది సత్తవ్వ గొంతు. "గంగుబాయి వదిన జొన్నరొట్టెలు చేస్తున్నది."

హర్షిణి ఫోన్ దించి భర్త వంక చూసింది. ఆ చూపు అర్థమై భానుప్రసాద్ "నేను ఎవరి దిక్కూ..." అని మొదలుపెట్టాడు గాని, పూర్తయ్యేలోపు అతని తల మీద మంకీ క్యాప్ పడింది. అతను భీమ్‌గల్ వైపు, ఆమె సాలూర వైపు బయల్దేరారు.

తొమ్మిది దాటాక ఒకటి రాలింది. భీమ్‌గల్ నుంచి భానుప్రసాద్ ఫోన్‌లో "చూసిన! చూసిన!" అని అరిచాడు. అదే క్షణంలో సాలూరలో ఒకే మంచం మీద రెండు చేతులు లేచాయి. రెండింటి మధ్యా జానెడు తేడా ఉంది.

"గాడ ఆరింది," అన్నాడు రామ్‌దాస్.

"గాడ కాదు బావా. గీడ."

"నేను ముందు సూసిన."

"ముందు సూసుడు ఏంది, సక్కగ సూసుడు ఉండాలె."

హర్షిణి పైపు ఒక చేతికి పెట్టి కొలిచింది, రెండో చేతికి పెట్టి కొలిచింది. ఒక చేతి ప్రకారం ఎత్తు డెబ్బై తొమ్మిది కిలోమీటర్లు, ఇంకో చేతి ప్రకారం తొంభై నాలుగు. గంగుబాయి రొట్టెలు చల్లారుతున్నాయని మూడోసారి పిలిచింది. వియ్యంకులిద్దరూ చేతులు దించకుండానే వాదించుకుంటున్నారు. ఫోన్‌లో భానుప్రసాద్, "హర్షిణీ, చలి మస్తున్నది. నేను ఇంటికి రావచ్చా?" అని అడుగుతూనే ఉన్నాడు.